పసుపు నీళ్ళలో మునిగిన కీ

జాబితా రాయనిదే నాకు ఆలోచన సాగదు. గదిలోకి సామాను కొనడానికైనా, హైదరాబాద్ ఉద్యోగం మానేయాలా వద్దా అన్నదానికైనా కాగితం మధ్యలో నిలువు గీత గీసి కూర్చుంటాను. ఆ ఏడాది దసరాకు ముందు గీసిన గీతకు ఎడమవైపు ‘కంపెనీది’ అనీ, కుడివైపు ‘ఓపెన్ సోర్స్’ అనీ రాసుకున్నాను. గద్వాలలో చీరలు నేయించే ఒకాయనకు వ్యాపారం చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసివ్వాలి. దాన్ని దేనితో రాయాలన్నది ప్రశ్న.

మాది తిమ్మాజిపేట దగ్గర పల్లె. ఇంజనీరింగు చదివి, రెండేళ్ళు నగరంలో పనిచేసి, తర్వాత వనపర్తిలో ఒక గది అద్దెకు తీసుకొని చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాను. అప్పటికి రెండు పనులు చేశాను. ఒకటి నాగర్‌కర్నూల్‌లో విత్తనాల దుకాణానికి, రెండోది బిజినేపల్లిలో పల్లికాయ మిల్లుకు. గద్వాల పని మూడోది, అన్నిటికన్నా పెద్దది.

ఆ చీరలాయన మా నాన్నకు తెలిసినవాడు, అందుకని కాకా అనేవాణ్ణి. ఆయన మగ్గం దిగి చాలా ఏళ్ళయింది. నూలు, పట్టు, డిజైను తానే ఇచ్చి ఊళ్ళో ముప్పైకి పైగా ఇళ్ళలో నేయిస్తాడు. ఏ మగ్గం మీద ఏ నిలువు దారాల పడుగు ఉంది, ఏ డిజైను నడుస్తోంది, దాని అట్టలు ఎవరింట్లో ఉన్నాయి, చీర ఎప్పుడు దిగుతుంది అన్నదంతా ఆయన తలలో ఉండేది. తలలో పట్టనిది క్యాలెండర్ల వెనక ఉండేది.

అట్టలంటే మగ్గం పైనుండే జకార్డు పెట్టెకు వేలాడదీసే రంధ్రాల అట్టలు. ఒక్కో అట్ట చీరలో ఒక్కో వరుస. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంతే. తొలి కంప్యూటర్లూ రంధ్రాల అట్టలతోనే నడిచాయి కాబట్టి, మొదటిసారి వాటిని చూసినప్పుడు నా చదువుకు ముత్తాత ఎవరో ఈ ఇంట్లో దండెం మీద ఆరేసి ఉన్నట్టు అనిపించింది.

“మొన్న జరమొచ్చి నాలుగు దినాలు పండుకున్న,” అన్నాడు కాకా. “ముప్పై మగ్గాలు నా దిక్కే చూసుకుంట కూసున్నయి. నా తలకాయల ఉన్నదంతా నీ మిషన్ల ఎయ్యి. నేను సచ్చినా నడవాలె.”

“సచ్చేటోళ్ళు గిట్ల చాయ్ మీద చాయ్ తాగుతరా?” అని లోపలి నుంచి ఆయన భార్య అంది. ఆమెను నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. మాట లోపలి నుంచి వచ్చినా చాయ్ మాత్రం బయటికి వచ్చింది, ఇద్దరికీ.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఒక కంపెనీ అమ్మే పనిముట్టు. తెర మీద డబ్బాలు లాగి పెట్టుకుంటూ పోతే పది రోజుల్లో సాఫ్ట్‌వేర్ తయారవుతుంది, ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. ఏటా చందా కట్టాలి. లోపల ఏముందో మనకు కనిపించదు, మన సమాచారం వాళ్ళ దగ్గర, వాళ్ళ పద్ధతిలో ఉంటుంది. ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి నంబరు ఉంటుంది. రెండోది, ఓపెన్ సోర్స్ పనిముట్లు. లోపలి రాత అంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, చందా లేదు. కాకపోతే ప్రతి తెరా నేనే కూర్చుని రాయాలి. మూడు నెలలు పడుతుంది. ఇబ్బంది వస్తే నంబరు నాదే.

నేను ఈ మాటలే కాకాకు చెప్పాను. ఆయన రెండోదాని దగ్గర ఆగాడు.

“అంతా తెరిచే ఉంటది అంటే నా డిజైన్లు ఊరంత చూస్తరా?”

“లేదు కాకా. పనిముట్టు తెరిచి ఉంటది. డిజైన్లు నీయే, నీ ఇంట్లనే ఉంటయి. మగ్గం ఎట్ల చెయ్యాల్నో అందరికి తెలుసు. దాని మీద నువ్వు ఏం నేస్తవో ఎవరికి తెల్వదు గదా, గట్ల.”

“మంచిగనే ఉంది. మరి నువ్వు రేపు ఇంకేదన్న నౌకరికి పోతే ఎవరు చూస్తరు?”

“కంపెనీదైతే ఫోన్ చెయ్యొచ్చు. ఇదైతే తెలిసినోళ్ళు ఎవరన్న తెరిచి చదవొచ్చు.”

“గద్వాల్ల గది సదివెటోళ్ళు ఎవరున్నరు?”

నేను జాబితా తీసి ముందు పెట్టాను. జాబితాలో ఎడమవైపు తొమ్మిది అంశాలు వచ్చాయి, కుడివైపు ఐదు. నా జాబితాల్లో గెలుపు లెక్కతోనే తేలేది. కంపెనీదే అనుకున్నాం, పండుగ దాటాక మొదలుపెడతానని చెప్పి వచ్చేశాను.

అప్పటికే కాకా ఇంట్లో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంది. ముందు గదిలోని కంప్యూటర్‌లో చీరల డిజైన్లు దాచుకునేది. దుమ్ము పడకుండా ఆ కంప్యూటర్ మీద మెరూన్ రంగు గుడ్డ ముక్క ఒకటి ఎప్పుడూ కప్పి ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్కను కంప్యూటర్‌కు గుచ్చాలి. దాన్ని ఇంట్లో కీ అనేవాళ్ళు. చిన్నమ్మ దాన్ని బీరువాలో పట్టు కండెల పక్కన పెట్టేది.

కంప్యూటర్ రాకముందు డిజైన్లన్నీ ఒక పెద్దాయన గళ్ళ కాగితం మీద వేసేవాడు. అట్టలకు రంధ్రాలు కొట్టేదీ ఆయనే. ఊళ్ళో అందరికీ ఆయన తాత, నాకూ తాతే. చూపు తగ్గాక కూడా రెండు మూడు డిజైన్లు వేశాడు. కాకా వాటిని గడి గడిగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. చివరగా వేసింది జంట పక్షుల కొంగు. ఇంక కొత్తది వేయలేనని ఆయనే చెప్పాడు.

దసరా అయిన రెండో రోజు పొద్దున కాకా ఫోన్ చేశాడు.

“కీ పనిచేస్తలేదు. జర తొందరగ రా.”

వనపర్తిలో బస్సెక్కి, పెబ్బేరు మీదుగా కృష్ణ దాటి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. ముందు గదిలో కంప్యూటర్ ముసుగు తీసి ఉంది. ఇత్తడి పళ్ళెంలో కీ ఉంది, మీద కుంకుమ బొట్టు, సందుల్లో ఎండిన పసుపు.

“ఏమైంది చిన్నమ్మా?”

“ఏం కాలే. కడిగిన.”

“కడిగిండ్రా?”

“పండుగకు నాడెలు కడుగుత, కత్తెర కడుగుత, త్రాసు కడుగుత. గిది గూడ పనిముట్టే గదా. మీ కాకనే అన్నడు, గిది లేకుంటె ఒక్క డిజైను గూడ రాదని. గంత పెద్ద పనిముట్టుకు పూజ చెయ్యకుంట ఎట్ల?”

“పొడిగుడ్డతోని తుడిస్తె అయిపోవు,” అన్నాడు కాకా.

“పసుపు నీళ్ళల్ల ముంచితెనే పూజ. నేను ఈ ఇంటికి వచ్చిన సంది నాడెలు ముంచుతున్న. ఒక్కటన్న సచ్చిందా?”

నాడెలంటే మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే చెక్క పనిముట్లు. ఆమె లెక్క సరైనదే. ఆ ఇంట్లో నీళ్ళకు చచ్చిన మొదటి పనిముట్టు అదే.

ఆ కీ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి మనిషి ఓపికగా విన్నాడు. ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను వాళ్ళు ఎప్పుడో ఆపేశారట. దానికి కొత్త కీలు ఇవ్వరు. కొత్తది కొనుక్కోవచ్చు గానీ, అందులో పాత ఫైళ్ళు తెరుచుకోవు. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగాడు. ఫోన్ నంబరు ఉంటుంది అన్నది నా ఎడమ వరుసలో మూడో అంశం. నంబరు ఉంది. మర్యాదగా మాట్లాడే మనిషి కూడా ఉన్నాడు.

కాకా పరేషాన్ అయింది ఒక్క చీర గురించే. రెండు వీధుల అవతల ఒక అక్క మగ్గం మీద జంట పక్షుల చీర ఉంది. మధ్య భాగం నూలు, అంచులు పట్టు, ప్రతి వరుసలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటూ ఐదు గజాలు పూర్తయ్యాయి. మిగిలింది కొంగు. పండుగ తర్వాత కొంగు అట్టలు మగ్గానికి ఎక్కిద్దామని ఆమె గోనె సంచి విప్పితే, మధ్యలో నలభై మూడు అట్టలను ఎలుకలు కొరికేశాయి. ఇలాంటప్పుడు కాకా కంప్యూటర్‌లో డిజైను తెరిచి కాగితం మీద తీసిస్తాడు, తాత మళ్ళీ అట్టలు కొడతాడు. ఈసారి తెరవడానికే లేదు.

తాతను పిలిపించి అడిగాం. గళ్ళ కాగితాలు ఏమయ్యాయని.

“మీ కాక కంప్యూటర్ల ఎక్కించిండు గదా అని నీళ్ళ పొయ్యిల పెట్టిన,” అన్నాడు. “రెండు దినాలు మంచిగ కాగినయి నీళ్ళు.”

ఇంతలో ఆ అక్కే వచ్చింది. నలభై దాటిన మనిషి, నడకలో కూడా మగ్గం తొక్కే ఊపు ఉంది. వచ్చీరాగానే నన్ను చూసి, “ఈ తమ్మేనా ఇంజనీరు?” అంది.

“ఇంకో కొంగు ఏదన్న ఎయ్యరాదా అక్కా?” అన్నాను నేను తెలివి చూపిస్తున్నాననుకొని.

“ఎవరి తలకాయ ఎవరికి పెట్టమంటవు తమ్మీ? అంచుల ఉన్న పక్షే కొంగుల దిగాలె. గట్ల చెప్పే పెండ్లోళ్ళు ఆర్డరిచ్చిండ్రు.” తర్వాత కాకా వైపు తిరిగింది. “పడుగు బిగుసుకొని ఉన్నది. ఊకె పెడితె పట్టు ఒక తీరు సాగుతది, నూలు ఒక తీరు సాగుతది. ఇంకో నాలుగు దినాలైతె అంచు కుచ్చులు పడతది. రెండు నెలల పని. కొంగు లేంది నేనేం చేసుకోవాలె, దోతి కట్టుకోవాల్నా?”

కాకా ఆ కీని మళ్ళీ ఒకసారి కంప్యూటర్‌కు గుచ్చి చూశాడు.  చిన్నమ్మ ఏదో ఒకటి చేయాలన్నట్టు, పనిచేయని కంప్యూటర్ మీద కప్పడానికి గుడ్డ తీసి గట్టిగా దులిపింది.

“ఓ వదినా, ఆగు,” అంది అక్క. “గా గుడ్డ ఇట్ల ఇయ్యి.”

తీసుకొని వెలుతురుకు పట్టింది. ఒక మూల వేలితో తడిమింది.

“గిది నేను నేసిందే. కొత్త అట్టలు మంచిగ నడుస్తున్నయా లేవా అని మొట్టమొదలు కొంగు ముక్క నేసి చూసినం గదా. గీడ నా దారం తెగితె ముడేసిన. గిదిగో ముడి.”

కొత్త డిజైను మగ్గానికి ఎక్కించాక చీర మొదలుపెట్టేముందు ఒక ముక్క నేసి చూడటం అక్కడి పద్ధతి. ఆ ముక్కను ఎవరూ అమ్మరు, ఎవరూ పారేయరు. డబ్బా మీదో కుట్టు మిషను మీదో కప్పుతారు. నేను ఎన్నోసార్లు ఆ గుడ్డ తీసి పక్కన పెట్టి, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కంప్యూటర్‌లో ఇరుక్కుపోయిన డిజైను దాని మీదే కప్పి ఉంది.

తాత గుడ్డను మోకాళ్ళ మీద పరచుకొని చాలాసేపు చేత్తో చూశాడు. “సదవొచ్చు,” అన్నాడు. “కని నా కండ్లతోని రాసుడు కాదు. నేను చెప్త, ఎవరన్న రాసుకోవాలె.”

అలా రెండు పగళ్ళు నేను వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. గుడ్డను చెక్కకు బిగించాం. ముందు, ఎలుకలు వదిలేసిన అట్టల్లో చివరిది గుడ్డ మీద ఏ వరుసో వెతికి పట్టుకున్నాం. అక్కడి నుంచి తాత భూతద్దం కింద సూది మొనతో ఒక్కో దారం దాటుకుంటూ చెప్పేవాడు. “మూడు ఎత్తు, రెండు ఇడుపు, ఒకటి ఎత్తు, ఐదు ఇడుపు.” లేచిన దారానికి నేను ల్యాప్‌టాప్‌లో ఒక నల్ల గడి పెట్టేవాణ్ణి, లేవనిదానికి చుక్క. ఏ డిజైను సాఫ్ట్‌వేరూ లేదు. ఉత్తరం రాసుకునేలాంటి మామూలు ఫైలు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునేది.

ఆ జకార్డుకు దారాలు ఎత్తే కొక్కేలు రెండు వందల నలభై ఉన్నాయి. అంటే ఒక్కో వరుసలో గడులు, చుక్కలు కలిపి మొత్తం రెండు వందల నలభై రావాలి. వరుస అయిపోగానే మొత్తం కూడి చెప్పే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసుకున్నాను. దాంతో తగవులు మొదలయ్యాయి.

“తాతా, రెండు తక్కువొచ్చినయి.”

“నా లెక్క తక్కువ రాదు. నీ డబ్బా మింగింది.”

మళ్ళీ లెక్కపెడితే చాలాసార్లు తప్పు నాదే అయ్యేది. ఒకసారి ఆయనది అయింది.

“పొద్దు కండ్లల్ల పడ్డది,” అన్నాడు. మళ్ళీ సూది అందుకొని, “రాస్తున్నవా నిద్రపోతున్నవా?” అని నా మీదికి వచ్చాడు.

రెండో రోజు సాయంత్రానికి నలభై మూడు వరుసలూ అయ్యాయి. జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించాను. తాత తడుముకుంటూనే అట్టలు కొట్టాడు, పక్కన కాకా గడులు చదివి వినిపించాడు. మర్నాడు పొద్దున కొత్త అట్టలను పాతవాటితో దారం వేసి కలిపి అక్క మగ్గానికి ఎక్కించారు.

నేను బస్సు కోసం సంచి సర్దుకుంటుంటే అక్క కబురు పంపింది. వెళ్ళేసరికి మగ్గం ఆగి ఉంది. కొంగులో కొత్త అట్టలతో నేసింది ఇంకా వెడల్పు రెండు వేళ్ళే.

“పక్షి ముక్కు వంకర పోయింది,” అంది.

నాకు ఏమీ కనిపించలేదు. వరుసల మొత్తాలన్నీ సరిచూశానని చెప్పాను.

“మొత్తం సంగతి నాకు తెల్వదు. ముక్కు సంగతి చెప్తున్న.”

ల్యాప్‌టాప్ తెరిచి ఆమె పక్కన గుంట అంచున కూర్చున్నాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే ఆమె తెర వైపు వంగింది. ఫోన్‌లో మాట్లాడటం తప్ప ఆమెకు ఏ కంప్యూటర్‌తోనూ పరిచయం లేదు. తెర నిండా నల్ల గడులు, చుక్కలు. ఒక్క క్షణం చూసి నవ్వింది.

“అయ్యో, గిది మన పక్షే గదా! గిదిగో తల, గిది మెడ.” వేలు తెర మీదికి వచ్చింది. “పైకి పో. ఇంక పైకి. ఆగు. గీడ రెండు ఎత్తు, ఒకటి ఇడుపు ఉండాలె. నువ్వు ఒకటి ఎత్తి రెండు ఇడిచినవు.”

తాత చెప్పిన రెండు అంకెలను నేను తారుమారు చేశాను. మొత్తం రెండు వందల నలభయ్యే. నా ప్రోగ్రాం ఆ తప్పును ఎన్నిసార్లు తిప్పినా పట్టదు. ఆమె పట్టింది. అక్కడే ఒక చుక్క చెరిపి గడి పెట్టాను. తాత ఆ అట్టలో తప్పిపోయిన ఆ ఒక్క రంధ్రం కొట్టాడు. అక్క తప్పు నేసిన వరుసలు విప్పుకొని మళ్ళీ నాడె వేసింది. ముక్కు తిన్నగా వచ్చిందని ఆమె చెప్పాకే నాకు అది తిన్నగా కనిపించింది.

మూడు రోజుల తర్వాత చీర దిగింది. అంచు ఎక్కడా కుచ్చులు పడలేదు. కాకా ఫోన్‌లో ఫోటో పంపాడు. అప్పటికి నేను నా గదిలో పాత జాబితా ముందు పెట్టుకుని ఉన్నాను.

ఎడమ తొమ్మిది, కుడి ఐదు. ఏ అంశమూ అబద్ధం కాదు. రాయని ప్రశ్న ఒకటుంది: ఇది ఆగిపోయిన రోజు, దీన్ని వాడే మనిషి ఎదురుగా ఉన్నదాన్ని చూసి తప్పెక్కడో వేలు పెట్టి చూపించగలదా? ‘గద్వాల్ల సదివెటోళ్ళు ఎవరున్నరు’ అని కాకా అడిగినప్పుడు, నా లాంటి ఇంజనీర్లు ఎవరున్నారని అడిగాడనుకున్నాను. నేను రాసే ప్రోగ్రాం లోపలి రాతను అక్క చదవలేదు, ఆ మాట నిజమే. కానీ అందులో ఉండే విషయం ఆమెది. దాన్ని ఆమె చదవగలిగేలా దాచడమా, చదవలేకుండా దాచడమా అన్నది నా చేతిలో ఉంది. ఓపెన్ సోర్స్ దానంతటది ఆ పని చేసిపెట్టదు. దాంతో కూడా ఎవరికీ అర్థంకాని చిక్కుముడి తయారుచేయొచ్చు. నేను విత్తనాల దుకాణానికి చేసిన మొదటి పని కొంత అలాంటిదే. కాకపోతే ఓపెన్ సోర్స్‌లో, తెరిచి ఉంచాలనుకుంటే అడ్డుపడే తాళం లేదు.

ఓపెన్ సోర్స్‌తోనే రాశాను. మూడు నెలలు అన్నది నాలుగున్నర అయింది. “పది దినాలంటివి,” అని కాకా ప్రతి వారం గుర్తుచేసేవాడు. కంపెనీ తెరలంత అందంగా నావి రాలేదు, ఫోన్‌లో ఇప్పటికీ నెమ్మదిగానే తెరుచుకుంటాయి. కొన్ని రోజులు ఎడమ వరుస మీదికి మనసు మళ్ళేది. బిజినేపల్లి మిల్లులో కంపెనీదే నడుస్తోంది, దాన్ని మార్చమని నేను చెప్పలేదు. అక్కడ తూకాలు తప్ప పోగొట్టుకునేదేమీ లేదు.

కాకా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి డిజైనూ గడులు, చుక్కల మామూలు ఫైలుగానే ఉంటుంది. పాత కంప్యూటర్‌లో ఇరుక్కున్నవి తిరిగి రాలేదు. అట్టలు మిగిలినవాటిని అట్టలు చూసి, గుడ్డ ముక్కలు మిగిలినవాటిని ముక్కలు చూసి ఒక్కొక్కటే రాసుకుంటున్నాం. ఏటా దసరాకు ముందు అన్నిటినీ రెండు కట్టలుగా ప్రింటు తీస్తాను. ఒకటి కాకా బీరువాలో, రెండోది అక్క ఇంట్లో రేకు డబ్బాలో. తన డిజైన్లు ఇంకొకరి ఇంట్లో ఉండటానికి కాకా మొదట ఒప్పుకోలేదు. అట్టలు ఎప్పటినుంచో ఉండేది ఆమె ఇంట్లోనే కదా అని చిన్నమ్మ అంటే ఊరుకున్నాడు.

పోయిన దసరా పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. వెనక నీళ్ళ చప్పుడు, ఇత్తడి పళ్ళేల చప్పుడు.

“నాయనా, ఈ కాయితాల కట్ట గూడ పూజల పెట్టిన. బొట్టు పెడితె సాలునా, ముంచాల్నా?”

“మీ ఇష్టం చిన్నమ్మా,” అన్నాను. “ఇంకో కట్ట అక్క ఇంట్ల ఉంది.”